సీసం మీద చదువు

చదువు రాదని తెలిసి సంతోషపడి ఉద్యోగమిచ్చిన చోటు ఒకటుందంటే ఎవరూ నమ్మరు. గళ్ళక్కకు ఉద్యోగం అలాగే వచ్చింది.

అప్పటికామెకు ఇరవై రెండేళ్ళు. భర్త ఆ ప్రెస్సులోనే ఇంకు రోలరు పట్టేవాడు. ఊపిరితిత్తుల జబ్బు చేసి మూడు నెలల్లో పోయాడు. నెల తిరక్కముందే ఆమె ప్రెస్సు గుమ్మంలో నిలబడింది. మేనేజరు ఒక అచ్చు కాగితం చేతికిచ్చి చదవమన్నాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"రాదండి."

"ఒక్క అక్షరం కూడానా?"

"ఒక్కటి కూడా రాదండి."

"సంతకం?"

"వేలిముద్రేనండి."

మేనేజరు ముఖం విప్పారింది. "రేపటి నుంచి వచ్చెయ్" అన్నాడు.

కారణం ఆమెకు తర్వాత తెలిసింది. ఆ రోజుల్లో అచ్చంటే సీసపు అక్షరాలు. కంపోజిటర్ ఒక్కో అక్షరాన్నీ గడిలోంచి ఏరి, పక్కపక్కన పేర్చి పేజీ కడతాడు. ఆ పేజీ మిషనెక్కి, కావలసినన్ని కాపీలు దిగాక, దాన్ని విప్పి ఏ అక్షరాన్ని ఆ గడిలోకి మళ్ళీ చేర్చాలి. లేకపోతే మర్నాటి పనికి అక్షరాలుండవు. కట్టేది కంపోజిటరైతే విప్పేది గళ్ళక్క. నాలుగు కేసులు, అంటే అక్షరాలుండే చెక్క పెట్టెలు, వాటిలో నాలుగు వందల పైచిలుకు గళ్ళు. ఏ ఒత్తు ఎక్కడ, ఏ గుణింతం ఎక్కడ అన్నది ఆమె వేళ్ళకు తెలుసు. అందుకే ఆమె అసలు పేరు జీతం పుస్తకంలోనే ఉండిపోయింది. ఆమె కన్నా పెద్దవాళ్ళకూ ఆమె గళ్ళక్కే.

ఆ ప్రెస్సుకు ఏడాదికోసారి సర్కారు పరీక్షల ప్రశ్నపత్రాలు వచ్చేవి. ప్రెస్సు పొయ్యి వెలిగేదే దానితో. ఆ పద్దెనిమిది రోజులూ వెనకవైపు గదికి సీలు వేసేవాళ్ళు. పత్రాలు కట్టే ఇద్దరు కంపోజిటర్లూ, మిషన్ నడిపే మనిషీ, తప్పులు దిద్దే ఆయనా పరీక్షలు ముగిసేదాకా ప్రెస్సు దాటకూడదు. తిండీ పడకా అక్కడే. అచ్చయిన పేజీల్ని విప్పే మనిషి మాత్రం రోజూ ఇంటికి పోవచ్చు. ఎందుకంటే ఆ మనిషికి చదువు రాదు. ప్రతి ఏడూ సీజను మొదట్లో పరీక్షల ఆఫీసరు ఒక కాగితం చదివి వినిపించేవాడు. "నాకు చదవడం, రాయడం రాదు" అని ఉంటుంది అందులో. గళ్ళక్క దాని కింద వేలిముద్ర వేసేది. సాయంత్రం గేటు దగ్గర సంచీ, కొంగు, జుట్టు ముడి విప్పించి మరీ చూసేవాళ్ళు. అందులో ఏమీ దొరకదు. ముప్పై ఏళ్ళూ ఏమీ దొరకలేదు.

ఆమెకా పని ఇష్టం. చాలామంది విప్పడమంటే చిన్నపని అనుకుంటారు. కట్టినవాడు తప్పు చేస్తే ప్రూఫులో బయటపడుతుంది. విప్పినామె ఒక్క అక్షరాన్ని తప్పు గడిలో వేస్తే, రేపెవడో కళ్ళు మూసుకుని ఆ గడిలో చెయ్యిపెట్టి తప్పు కడతాడు. ఆమె గళ్ళు నమ్మకమైనవి. విప్పేముందు పేజీని కిరసనాయిలుతో కడిగి, ఇంకు పోయాక కాసిని నీళ్ళు చల్లేది. తడి ఉంటే అక్షరాలు ఒకదాన్నొకటి పట్టుకుని చేతిలో నిలుస్తాయి. నాలుగైదు వరసలు ఎడమ చేతిలోకి ఎత్తి, కుడిచేత్తో ఒక్కోటీ ఒలిచి గడిలోకి విడిచేది. వానచినుకులు రేకు మీద పడ్డట్టు ఒకటే చప్పుడు. వెనక నిలబడితే చెయ్యి కనబడదు, చప్పుడే వినబడుతుంది.

ఇక ఇల్లు. సైకిళ్ళ షాపు మీద ఒక్క గది. రెండు కుర్చీలుండేవి. ఒకదాని మీద ఆమె కూర్చునేది, రెండో దాని మీద ఉతికిన బట్టలు. ఆ కుర్చీలో మనిషి కూర్చుని ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తులేదు. పిల్లలు లేరు. అన్నదమ్ములు మొదట్లో వచ్చేవాళ్ళు, తర్వాత కబురు పంపేవాళ్ళు, తర్వాత అదీ లేదు. శనివారం సాయంత్రం ప్రెస్సు గేటు దగ్గర "వస్తానన్నా" అని ఫోర్‌మన్‌తో అంటే, మళ్ళీ నోరు విప్పేది సోమవారం పొద్దున "వచ్చానన్నా" అనడానికే. ఆ పని ఉన్నన్నాళ్ళు ఆ రెండు మాటలైనా ఉంటాయి. పని పోతే అవీ ఉండవు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.

యాభై రెండో ఏట సర్వే వచ్చింది.

దేశంలో చదువురాని పెద్దవాళ్ళుండకూడదని సర్కారు సంకల్పం చెప్పుకుంది. వార్డు వార్డుకూ లక్ష్యం పెట్టారు. ఒక ఆదివారం మెడలో పెన్ను వేలాడేసుకుని ఒకమ్మాయి మెట్లెక్కి వచ్చింది. కూర్చోమందామంటే కుర్చీ మీద బట్టలు. గళ్ళక్క అవి గబగబా మంచం మీద పడేసింది.

"చదవడం వచ్చాండీ?"

"ప్రెస్సులో పనిచేస్తాను" అంది గళ్ళక్క.

"అయితే వచ్చన్నమాట."

అవునంటే ఆ అమ్మాయి లేచి వెళ్ళిపోతుంది. "రాదమ్మా" అంది.

"ప్రెస్సులో ఉండి చదువు రాకపోవడమేంటండీ, నీళ్ళలో ఉండి ఈత రానట్టు?"

"ఓడలో ఉన్నవాళ్ళందరికీ ఈత వస్తుందా ఏంటి?"

ఆ అమ్మాయి నవ్వి పేరు రాసుకుంది. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా, వెనక వీధి బళ్ళో, మూడో తరగతి గదిలో అంది. చదువు మీద కోరికతో ఒప్పుకున్నానని గళ్ళక్క తర్వాతెప్పుడూ చెప్పుకోలేదు. ఆరు నుంచి ఎనిమిది అన్న మాటకే ఒప్పుకుంది. రోజులో ఆ రెండు గంటలే ఎంతకీ గడిచేవి కావు.

బళ్ళో పద్నాలుగుమంది చేరారు. ఎనిమిదేళ్ళ పిల్లల బల్లలవి. మోకాళ్ళు గడ్డానికి తగిలేవి. ముందు బల్ల మీద బ్యాంకు వాచ్‌మన్ కూర్చునేవాడు. గళ్ళక్క పక్కన కూరగాయలత్త. అరవై ఏళ్ళ మనిషి, నోరు సంతలో పెరిగిన నోరు. మనవరాలు ఐదో తరగతి. "అది పాఠం చదివానంటుంది, చదివిందో లేదో నాకేం తెలుసు, తల ఊపుతాను. నేను తల ఊపుతుంటే అది నవ్వుతుంది. దాని నవ్వు మాన్పించడానికి వచ్చాను" అని మొదటిరోజే చెప్పింది. పాఠం చెప్పేది ఆ బడి టీచరమ్మే. పగలంతా పిల్లలతో అరిచి, సాయంత్రం ఆర్డరు మీద పెద్దవాళ్ళతో అరవడానికి వచ్చేది.

రెండో వారం టీచరమ్మ బోర్డు మీద పది అక్షరాలు రాసి, చూడకుండా రాయమంది. అందరూ ఆపసోపాలు పడుతుంటే గళ్ళక్క చకచకా రాసేసి పెన్సిలు కింద పెట్టింది. టీచరమ్మ వచ్చి చూసింది.

"ఇదేంటమ్మా?"

వాచ్‌మన్ మెడ సాచాడు. "గబ్బిలాలు టీచరమ్మా. అన్నీ తలకిందులుగా వేలాడుతున్నాయి."

గది గొల్లుమంది. నిజమే, తలకట్టులన్నీ కాళ్ళ దగ్గరున్నాయి. గళ్ళక్క తల వంచుకుంది. రేపటి నుంచి రాకూడదనుకుంది.

టీచరమ్మ మాత్రం నవ్వలేదు. కాగితం అందుకుని, గోడ క్యాలెండరు కాగితాన్ని కింది అంచు పట్టి పైకి మడిచినట్టు తిరగేసి, ట్యూబులైటుకు ఎదురుగా పట్టింది. వెలుతురులో అక్షరాలు వెనకవైపు నుంచి కనిపించాయి. తిన్నగా, పొందిగ్గా, ఒక్క గీత అటూ ఇటూ కాకుండా, పుస్తకంలో అచ్చయినట్టు ఉన్నాయి.

"ఎక్కడ నేర్చుకున్నారమ్మా ఈ రాత?"

"నేర్చుకోలేదమ్మా. చేతిలో ఇలాగే కనిపిస్తాయి." సీసపు అక్షరం ముఖం అద్దంలో బొమ్మలా తిరగబడి ఉంటుందనీ, వరస చేతిలో పట్టుకుంటే తలకిందులుగా కనిపిస్తుందనీ, ముప్పై ఏళ్ళుగా తను చూసింది ఆ ముఖాన్నేననీ గళ్ళక్క తడబడుతూ చెప్పింది. అంత పొడుగు మాట ఆమె మాట్లాడి ఎన్నాళ్ళయిందో.

"మరి ఇది ఏమక్షరం?"

"పేరు తెలీదమ్మా. మూడో కేసులో రెండో వరస, నడిమి గడి."

ఈసారి వాచ్‌మన్ నవ్వలేదు. "అందరి ఇల్లూ తెలుసు, ఎవరి పేరూ తెలీదన్నమాట" అన్నాడు.

మిగతావాళ్ళు ఆకారం నేర్చుకోవాలి, శబ్దం నేర్చుకోవాలి. గళ్ళక్క నేర్చుకోవలసింది శబ్దం ఒక్కటే. అయినా తేలిగ్గా రాలేదు. కాగితం మీద ఒక్కో అక్షరాన్నీ మనసులో కాళ్ళు పట్టుకుని తిప్పి నిలబెట్టాలి. నాలుగు అక్షరాలు నిలబెట్టేసరికి మొదటిది జారిపోయేది. పండగ బొమ్మల్ని వరసగా నిలబెట్టే పిల్లలా నెల తర్వాత నెల అలాగే కుస్తీ పట్టింది. ఫిబ్రవరికి వాచకంలో సగం దాకా కూడబలుక్కుని చదవగలిగేది.

చదువు సంగతెలా ఉన్నా, ఎనిమిదింటికి బడి వదిలాక కూరగాయలత్తతో కలిసి వీధి మలుపు దాకా నడిచేది. పది నిమిషాల దారి. అత్త మాట్లాడేది, ఈమె వినేది. మలుపులో అత్త "రేపు రా" అనేది. ఆ మాట కోసం గళ్ళక్క రోజంతా పనిచేసేది.

ఊళ్ళో దాగేది ఏముంది? ఒకరోజు ఫోర్‌మన్ కేసు పక్కన చేరాడు. ఆయన పద్నాలుగో ఏట అక్షరాలు పేర్చే స్టిక్కు పట్టినవాడు, మాట తక్కువ మనిషి.

"బడికి పోతున్నావంట."

"ఊఁ."

"ఏ మాత్రం వచ్చింది?"

"కూడబలుక్కుంటున్నా."

"మార్చిలో పత్రాలొస్తాయి. అప్పటికి కూడబలుక్కునే దగ్గరే ఉండు గళ్ళక్కా. ముందుకు పోకు."

"చదువు గేదెనా అన్నా, గుంజకు కట్టెయ్యడానికి?"

"కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఆలోచించుకో."

ఆమె ఆలోచించింది. ఇక్కడే గళ్ళక్క పొరపాటు పడింది. అది ఆ పనిలో ఉన్నవాళ్ళు తప్ప ఇంకెవరూ పడని పొరపాటు. బళ్ళో నేర్చుకుంటున్నది కాగితం మీద చదువు, సీసం మీద చదువు వేరు అనుకుంది. కాగితం మీద అక్షరాలు తల పైకెత్తుకుని నిలబడతాయి, సీసం మీద తలకిందులుగా ఉంటాయి, రెండూ కలవవు. చెప్పులు కుట్టడం వచ్చినవాడికి గొడుగు బాగుచేయడం రావాలని ఏముంది? ఒకటి రెండుసార్లు మామూలు పనిలో ఆగి, చేతిలో వరస కేసి చూసింది కూడా. సన్న టైపు, నల్లబడ్డ సీసం, యాభై దాటిన కళ్ళు. ఏమీ పలకలేదు. వేళ్ళే వాటి పని అవి చేసుకుపోయాయి. హమ్మయ్య అనుకుంది. మార్చిలో ఆఫీసరు కాగితం చదివినప్పుడు అబద్ధమాడుతున్నానని ఆమెకు అనిపించలేదు. ఎప్పట్లాగే ముద్ర వేసి లోపలికి పోయింది.

సీలు గదికి కిటికీ లేదు. పైన ఒక బల్బు, ఒక బల్ల, నాలుగు కేసులు, నీళ్ళ గిన్నె. పేజీని గుమ్మం దగ్గర పెట్టి తలుపు మూసేవాళ్ళు. ఆ ఏడు మొదట వచ్చింది ఐదో తరగతి భాషా పత్రం. చిన్నపిల్లల పత్రాలకు లావు టైపు వాడతారు. ఏడాదిలో ఇంకే పనికీ ఆ టైపు తియ్యరు. దాని గళ్ళు వేళ్ళకు అంత అలవాటుండవు, కళ్ళతో చూసి వెయ్యాలి.

గళ్ళక్క నాలుగు వరసలు ఎత్తి పట్టుకుంది. గడి కోసం మొదటి అక్షరం చూసింది. దాని పక్కది చూసింది. వరస పలికింది.

"ఒక ఊరిలో నలుగురు అన్నదమ్ములు ఉండేవారు."

కాగితం మీదైతే ఇంత మాటకు నుదుట చెమట పట్టేది. ఇక్కడ దేన్నీ తిప్పనక్కర్లేదు, దేన్నీ నిలబెట్టనక్కర్లేదు. ముప్పై ఏళ్ళుగా తెలిసిన ముఖాలు, నోరు తెరిచి మాట్లాడాయి. రెండో వరస చదివింది, మూడోది చదివింది. అన్నదమ్ములకు నీళ్ళ కరువొచ్చింది. నలుగురూ నాలుగు చోట్ల బావులు తవ్వారు. ఒక్కొక్కరూ పది బారలు తవ్వి విసిగి ఆపేశారు. ఎవరికీ నీళ్ళు పడలేదు. కింద ప్రశ్న ఉంది: వాళ్ళు ఏం చేసి ఉంటే నీళ్ళు పడేవి?

"నలుగురూ ఒక్కచోటే తవ్వి చావొచ్చుగా" అంది గళ్ళక్క పైకే, నవ్వుతూ.

ఆ నవ్వు గోడలకు తగిలి ఆమెకే తిరిగి వినిపించింది. చుట్టూ చూసింది. చెప్పడానికి ఎవరూ లేరు. ఆమె జీవితంలో చదివిన మొదటి కథ అది. ఎవరితోనూ అనకూడని కథ. పైగా చదివిన వరసను చదివినట్టే విప్పి గళ్ళలో వెయ్యాలి. రెండో వరసకొచ్చేసరికి మొదటిది లేదు. అన్నదమ్ములు ఒక్కొక్కరే ఆమె చేతుల్లోంచి జారి, అక్షరాలైపోయి, గళ్ళలో పడ్డారు. కథ ముగిసేసరికి చేతిలో తడి తప్ప ఇంకేమీ మిగల్లేదు.

ఆ గదిలో ఆమె ముప్పై ఏళ్ళు ఒంటరిగానే ఉంది. కానీ అంత ఒంటరిగా ఎప్పుడూ లేదు.

చివరి వరసలో వ్యాసం ప్రశ్న ఉంది. "మా వీధి గురించి పది వాక్యాలు రాయండి." అది కూడా విప్పేసింది.

అలా మూడు రోజులు నడిచింది. రోజుకు ఎనిమిది పేజీలు విప్పే మనిషి మూడుకు దిగింది. గేటు దగ్గర జుట్టు ముడి విప్పించి చూసి పంపేస్తున్నారు. మూడోరోజు బడి వదిలాక కూరగాయలత్త మలుపులో ఆగింది.

"మా పిల్ల వ్యాసాలు బట్టీ పడుతోంది అమ్మాయ్. వాన మీద ఒకటి, రైలు మీద ఒకటి, బడి మీద ఒకటి. నాలుగోది పట్టవే అంటే, నా బుర్రలో చోటు లేదంటుంది. ఆ మూడింట్లో ఏదో ఒకటి రాకపోతుందా?"

గళ్ళక్క సంచీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"నువ్వా గదిలోనే కదా ఉంటావు. నీకు చదువొచ్చుంటే ఎంత బాగుండేది" అంది అత్త, ఉత్త పరాచికానికే. "ఒక్క ముక్క చెవిలో వేసేదానివి."

ఆ మనిషి గళ్ళక్కతో రోజూ పది నిమిషాలు మాట్లాడే మనిషి. ఆ పిల్ల మంచిపిల్ల, ఒకటి రెండుసార్లు బడి దాకా వచ్చి నాయనమ్మ చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. కావలసింది ఒక్క మాట. గళ్ళక్క నోరు దానంతటదే తెరుచుకుంది.

"వీధి..."

"ఏంటి?"

"వీధిలో గాలి చల్లగా ఉందత్తా. లోపలికి పో, దగ్గొస్తుంది."

అత్త వింతగా చూసి, "రేపు రా" అని వెళ్ళిపోయింది. గళ్ళక్క మలుపులో అలాగే నిలబడిపోయింది. ఇవాళ మాటను సగంలో మింగింది. రేపు లెక్కల పత్రం వస్తుంది, ఎల్లుండి ఇంకోటి. రోజూ అత్త ఉంటుంది, రోజూ నోరుంటుంది. ఎన్నింటిని మింగుతుంది? మానేసి ఇంట్లో కూర్చుంటే? అప్పుడు ఫోర్‌మన్ మీదకు వస్తుంది. చెబితే పని పోతుంది. చెప్పకపోతే, ఏదో ఒకరోజు, ముప్పై ఏళ్ళు ఏమీ దొరకని గేటు ఉట్టి గేటైపోతుంది.

మర్నాడు పొద్దున సీలు గదికి పోకుండా తిన్నగా ఆఫీసరు బల్ల దగ్గరికి నడిచింది. ఫోర్‌మన్ అక్కడే కాగితం రీములు లెక్కచూస్తున్నాడు.

"సార్, నాకు చదవడం వచ్చింది."

ఆఫీసరు తలెత్తాడు. "ఎప్పుడు?"

"కాగితం మీద ఏదో కాస్త. సీసం మీద మొన్న సోమవారం."

"ఎన్ని పేజీలు చదివావు?"

"నా చేతిలోంచి పోయినవన్నీ. తొమ్మిది."

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు సార్. చెప్పబోయి ఆగాను. అందుకే వచ్చాను."

ఆఫీసరు ముఖం పాలిపోయింది. లేచి తలుపు మూసొచ్చి, మళ్ళీ కూర్చున్నాడు. తొమ్మిది పేజీలూ మళ్ళీ కట్టించాలంటే వ్యవధి లేదు. ఆమె మాట నమ్మడం తప్ప దారి లేదు. చాలాసేపటికి తేల్చాడు. చదువొచ్చిన వాళ్ళ నిబంధనే ఈమెకూ వర్తిస్తుంది. పరీక్షలు ముగిసేదాకా ప్రెస్సు దాటకూడదు, బయటి మనిషితో మాట్లాడకూడదు. వచ్చే ఏటి నుంచి ఆ గదికి వేరే మనిషి కావాలి.

"చదువురాని మనిషి కావాలి. చూసుకోండి" అన్నాడు ఫోర్‌మన్‌తో.

"ఎక్కడి నుంచి తెమ్మంటారు సార్? పట్టుకొచ్చేలోపు మీవాళ్ళే చదువు చెప్పేస్తున్నారు."

ఆఫీసరుకు నవ్వు రాలేదు.

ఇరవై ఆరు రోజులు. కంపోజిటర్లు ముందు హాల్లో పేకాడుకునేవాళ్ళు. ఆడమనిషి కాబట్టి గళ్ళక్కకు కాగితం గోడౌనులో చోటిచ్చారు. రీముల మధ్య చాప పరుచుకుంది. చుట్టూ నడుమెత్తు కాగితం, అంతా తెల్లది. చదువుకోవడానికి రీముల మీద అంటించిన చీటీలు తప్ప ఏమీ లేవు. అవే చదివింది. సైజు, తూకం, షీట్లు ఐదువందలు. మళ్ళీ చదివింది. పగలు సీలు గదిలో పేజీలు విప్పేది. ఆరు కాగానే చెవులు గేటు వైపు పోయేవి. బళ్ళో ఈపాటికి హాజరు పిలుస్తుంటారు, తన పేరు దగ్గర టీచరమ్మ ఒకసారి ఆగి ఉంటుంది, అత్త పక్క చోటు చూసి ఉంటుంది.

ఆ నెలాఖరు ఆదివారమే వార్డులో చదువు పరీక్ష జరిగింది. పద్నాలుగుమందిలో పదమూడుమంది రాశారు.

బయటికొచ్చిన రోజు గళ్ళక్క తిన్నగా వెనక వీధి బడికి పోయింది. మూడో తరగతి గదికి తాళం. లక్ష్యం పూర్తయిందని కార్యక్రమాన్ని వేరే వార్డుకు మార్చారని బడి నౌకరు చెప్పాడు. సంతలో కూరగాయలత్త కనిపించింది. తూకం వేస్తూనే మాట్లాడింది.

"చెప్పాపెట్టకుండా పోయావేం అమ్మాయ్? జబ్బు చేసిందేమోనని నీ గది దాకా వచ్చాను. తాళం."

"ప్రెస్సులో ఉంచేశారత్తా."

"మాకు పరీక్షయిపోయింది. వాచ్‌మన్ కూడా పాసయ్యాడంటే చూసుకో. మా పిల్ల వ్యాసం పోగొట్టుకుంది, వీధి మీద ఇచ్చారంట. వీధి మీద ఏం రాస్తాం చెప్పు, రోజూ చూసేదేగా?" అత్త చెయ్యి ఆగింది. గళ్ళక్క ముఖం కేసి ఒకసారి చూసింది. ఇంకెవరో వంకాయల ధర అడిగితే అటు తిరిగింది. "తీరినప్పుడు రా" అంది.

"రేపు రా" అనలేదు. ఆ తేడా గళ్ళక్కకు దారంతా వినిపించింది.

ఫోర్‌మన్ ఆమెను వదులుకోలేదు. సీజను పని లేకపోయినా, కొత్తగా నేర్పుకోవలసిన మనిషికి సగం రోజులు పోను, వారానికి మూడు రోజులు మామూలు పని ఉంటుంది రమ్మన్నాడు. కరపత్రాలు, రసీదు పుస్తకాలు, ఆఫీసు ఫారాలు. మూడు వారాలు గడిచాక ఒకరోజు ఒక పేజీ ఆమె ముందు పెట్టి, పోకుండా పక్కనే నిలబడ్డాడు.

"సర్కారు రిపోర్టు. మన వార్డుది. నిన్న దిగిపోయింది మిషన్ నుంచి. విప్పు."

గళ్ళక్క నీళ్ళు చల్లి నాలుగు వరసలెత్తింది. కొత్త టైపు, అక్షరాలు మెరుస్తున్నాయి. వార్డు జనాభా ఇంత, సర్వేలో తేలిన చదువురానివారు ఇందరు, చదువు నేర్చినవారు ఇందరు. ఆఖరి వరస దగ్గర ఆమె చెయ్యి ఆగింది.

"వార్డులో మిగిలిన నిరక్షరాస్యులు: ఒకరు."

"చూశావా" అన్నాడు ఫోర్‌మన్ గొంతు తగ్గించి. "సర్కారు లెక్కలో నీకు ఇప్పటికీ చదువు రాదు. ఆ ఆఫీసరుకు బదిలీ అయింది. నీ సంగతి ఆయన ఎక్కడా రాసిపెట్టలేదు, రాస్తే తొమ్మిది పేజీల కథ చెప్పుకోవాలి కాబట్టి. వచ్చే మార్చిలో నువ్వే కూర్చోవచ్చు. నేనేమీ అనను."

మంచికే చెప్పాడు. ఆ గది మళ్ళీ తనదైతే నెలంతా పని, నెలంతా "వచ్చానన్నా". గళ్ళక్క చేతిలో వరసను కాసేపలాగే పట్టుకుంది.

"వద్దన్నా. ఇదివరకు ఆ గదిలో నాతో ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు, సరిపోయింది. ఇప్పుడు అన్నీ మాట్లాడతాయి. నేను ఒక్కదానికీ బదులు చెప్పకూడదు. నావల్ల కాదు."

"వారానికి మూడు రోజులే మరి."

"మూడు రోజులే."

ఫోర్‌మన్ తల ఊపి, ఆ వరస కేసి చూశాడు. "కావాలంటే ఆఫీసుకు చెబుతాను. పొరపాటు పడిందని దిద్దించొచ్చు."

"అచ్చైపోయాక దిద్దేదేముందన్నా" అంది గళ్ళక్క.

ఆయన వెళ్ళిపోయాడు. హాల్లో మిషన్ మొదలైంది. గళ్ళక్క "ఒకరు" అన్న మాటను ఇంకోసారి చదువుకుంది. ఒకటో కేసు పైవరసలో ఒకటి, నడిమి గడిలో ఒకటి, మూడో కేసు కింద ఒకటి. ఒక్కో అక్షరాన్నీ దాని గడిలో వేసి, తడి చెయ్యి గుడ్డకు తుడుచుకుని, తర్వాతి పేజీ దగ్గరికి లాక్కుంది.